మెంబరుగారు ఓడిపోవాలి

జూలై 6, ఆదివారం

మా ఇంటి మైకుకి వదిన రాయునది.

మేం బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉండుంటావు. లేకపోతే మీ బస్టాండు మూగబోయేది, ఆ సంగతి పేపర్లో పడేది.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటనుకోకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ అన్నయ్య జేబులో ఉంటుంది. మీ అన్నయ్యేమో వార్డు జనం జేబులో ఉంటారు. ఇక నీకు ఫోను చెయ్యడమంటే వినడమే. పదకొండేళ్లుగా బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చే బస్సూ పోయే బస్సూ చెబుతున్నావు. అక్కడ నీకు ఎదురు మాట్లాడేవాళ్లు లేరు, ఆ అలవాటు ఇంటిదాకా తెచ్చుకున్నావు. ఉత్తరమైతే నా మాట నేను చివరిదాకా చెప్పుకోవచ్చు. షాపులో కాగితం ముక్కలకి కొదవా?

మళ్లీ ఎన్నికలు, సెప్టెంబరు ఇరవై ఒకటిన. మీ అన్నయ్య ఐదో వార్డు మెంబరై పదిహేనేళ్లు నిండాయి. నాలుగోసారి కూడా నిలబడమని వార్డు పెద్దలు ఐదుగురు వచ్చి అడిగారు. ఏమన్నారో నీకు వేరే చెప్పాలా? "అలాగేనండీ" అన్నారు. ఆ మనిషి నోట ఇంకో మాట ఎవరైనా విన్నారా? కాలువ పూడిందంటే అలాగేనండీ. దీపం వెలగడం లేదంటే అలాగేనండీ. మొన్నొకాయన "మా పిల్లి మేడెక్కి దిగడం లేదు" అని వస్తే, అలాగేనండీ అని నిచ్చెన భుజానేసుకుని పోయారు. పిల్లి దానంతటదే దిగొచ్చింది. మీ అన్నయ్యని దింపడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చారు.

ఇదంతా నవ్వులాటే అనుకో. నవ్వులాట కానిది ఒకటుంది. మన బైండింగు షాపుకి గ్రంథాలయం వాళ్లు రెండొందల ఎనభై పాత పుస్తకాలు పంపారు. నవంబరు నెలాఖరుకి ఇవ్వాలి. బైండింగు ఒక మనిషి పని కాదని నీకు తెలుసు. పేజీల కట్టలు నేనొక్కదాన్నే కుట్టుకోగలను, జిగురూ నేనే రాసుకోగలను. కానీ చెక్క ప్రెస్సులో బిగించి పుస్తకం వీపు సుత్తితో గుండ్రం చేసేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి. ఇప్పుడు మోకాలితో అదిమిపెట్టి కొడుతున్నాను. అట్టలు వంకరపోతున్నాయి. బల్లకి అవతల మీ అన్నయ్య కూర్చునే స్టూలు మీద జిగురు డబ్బాలు పెట్టుకుంటున్నాను.

అందుకే నీతో చెబుతున్నాను, నీతో మాత్రమే. ఈసారి మీ అన్నయ్య ఓడిపోతే బాగుండు. పోటీగా రిటైరైన లెక్కల టీచరమ్మ నిలబడింది. గట్టి మనిషి, గెలిస్తే బాగానే చేస్తుంది. మళ్లీ ఈయనే గెలిచారనుకో, ఈ పుస్తకాలు తిప్పి పంపేసి షాపు మూసేస్తాను. ఒంటరిగా ఇంక నా వల్ల కాదు.

అన్నట్టు మన పురపాలక సంఘానికి యాభై ఏళ్లట. ఆ సంబరానికి ప్రతి మెంబరూ జనం కోరిన పని ఒక రోజంతా చెయ్యాలట. ఆఫీసు గుమ్మంలో పెట్టె పెట్టారు. ఎవరికి ఏ పనో చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. "ఐదో వార్డు మెంబరుగారు ఒక రోజు తన షాపులో కూర్చోవాలి" అని రాసి వేసొచ్చాను. ఒక్క రోజైనా దక్కుతారేమో చూడాలి.

అక్కడ అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

జిగురు చేతులతో,
వదిన

*

జూలై 14, సోమవారం

వదినమ్మకి మరదలి నమస్కారాలూ, మొట్టికాయలూ!

ఇది బస్సుకీ బస్సుకీ మధ్య రాస్తున్నాను. మధ్యలో తెగితే అతికించుకుని చదువుకో, నీకు అతికించడం వచ్చు కదా.

నీ ఉత్తరం మా ఆయనకి కూడా చదివి వినిపించాను. "ఓడిపోతే బాగుండు" అన్న చోట ఆయన కంగారుపడ్డాడు. నేను పకపకా నవ్వాను. నీ సంగతి నాకు తెలియదా వదినా! ముద్దొచ్చే పిల్లని చూసి "ఏం బాగుందిలే మొహం" అంటాం చూడు, దిష్టి తగలకుండా, ఇదీ అంతే. నాలుగోసారి గెలవబోతున్నాడంటే నలుగురి కళ్లూ పడతాయి. నువ్వు ముందే జాగ్రత్తపడుతున్నావు. ఎంత తెలివో! మా అన్నయ్య అదృష్టవంతుడని ఊరికే అంటానా?

సరే, నీ వంతు దిష్టి తియ్యడం. నా వంతు గెలిపించడం. మన వీధిలో నాతో చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లకీ ఉత్తరాలు రాసేశాను. ఆ చీటీల పెట్టె సంగతి చెప్పి, ఒక్కొక్కత్తె ఎనిమిదేసి చీటీలు వెయ్యమన్నాను. నీ చీటీ నాకు నచ్చలేదు. షాపులో కూర్చుంటే ఎవరు చూస్తారు? నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, తెల్ల గ్లవుజులేసుకుని, ఈలేసి, ట్రాఫిక్కు నడపాలి! ఊరంతా చూస్తుంది. ఫోటో దిగితే దాన్నే పోస్టరు చేసుకోవచ్చు.

అట్టలు వంకరపోతే పోనీలే, ఎన్నికలయ్యాక సరిచేసుకోవచ్చు. రెండు నెలలు ఓపిక పట్టు. మెంబరుగారి భార్యవి, ఆ మాత్రం త్యాగం చెయ్యాలి.

మూడో ప్లాట్‌ఫారానికి బస్సొచ్చింది. ఉంటా.

నీ గట్టిగొంతు మరదలు

*

జూలై 29, మంగళవారం

అసలు వినని నా మరదలికి,

దిష్టీ లేదు, గిష్టీ లేదు. నేను నిజంగానే చెప్పానే తల్లీ.

నీ స్నేహితురాళ్ల పుణ్యమా అని ముప్ఫై రెండు చీటీలు ట్రాఫిక్కుకి పడ్డాయి. షాపుకి పడింది ఒక్కటి. అది ఎవరు వేశారా అని ఆఫీసు గుమస్తా పెద్దగా చదివి మరీ నవ్వాడట.

మొన్న ఆదివారం అయ్యింది ఆ వేడుక. ఛైర్మన్‌గారు బజారు ఊడ్చాలి. ఫోటో తీసేవాడు ఎక్కడుంటే అక్కడే ఊడ్చారు. పాపం ఆ ఫోటో అబ్బాయికి జాలేసి వీధంతా తిరిగాడు, దాంతో బజారంతా శుభ్రమైంది. ఇక మీ అన్నయ్య. గ్లవుజులేసుకున్నారు, ఈల మెళ్లో వేసుకున్నారు. పెద్దవాళ్ల మీద ఈలెయ్యడం మర్యాద కాదని ఒక్కసారి కూడా ఊదలేదు. చెయ్యి అడ్డంపెట్టి ఆపడం ఇంకా అమర్యాదట. తూర్పు నుంచి వచ్చినవాళ్లని "ముందు మీరు రండి" అన్నారు. పడమటి వాళ్లనీ "ముందు మీరు" అన్నారు. ఉత్తరం వాళ్లు చిన్నబుచ్చుకుంటారని వాళ్లనీ పిలిచారు.

తొమ్మిదింటికి మొదలైంది, పదకొండు దాకా చక్రం కదిలితే ఒట్టు. టీకొట్టతను కార్ల కిటికీల్లోంచి టీ అందించాడు. పక్కపక్కన ఇరుక్కున్న రెండు కార్ల వాళ్లు అద్దాలు దించి మాట్లాడుకుని పెళ్లి సంబంధం కూడా ఖాయం చేసుకున్నారట. ఆఖరికి లెక్కల టీచరమ్మ కూరగాయల సంచీతో అటు వచ్చింది. రెండు చప్పట్లు కొట్టి, "కుడివైపు వరస ముందు! మాట్లాడకుండా!" అంది. నాలుగు నిమిషాల్లో రోడ్డు ఖాళీ. డ్రైవర్లలో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. ఒకడైతే మూతి మీద వేలేసుకుని మరీ బస్సు నడుపుకుంటూ పోయాడు.

ఇంకేముంది, ఈయన పని అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కడుపునిండా అన్నం తిన్నాను. సాయంత్రానికి చూస్తే ఇంటి నిండా జనం. "మెంబరుగారూ, పదేళ్ల తర్వాత ఊళ్లో అందరినీ పలకరించామండీ! ఎంత మంచివారండీ మీరు!" అని ఒకటే పొగడ్త. ఈయన సిగ్గుపడుతూ అలాగేనండీ అంటున్నారు.

మళ్లీ చెబుతున్నాను. నాకు ఆయన గెలవడం ఇష్టం లేదు. ఆయన షాపుకి రావాలి. ఇందులో ఏ గూఢార్థమూ లేదు. పుస్తకాలు రెండొందల అరవై మిగిలాయి. నెలకి ఇరవై చొప్పున చేస్తే ఎప్పటికయ్యేనో నువ్వే లెక్కెయ్యి.

విసిగిపోయిన
వదిన

*

ఆగస్టు 5, మంగళవారం

వదినా,

ముప్ఫై రెండు చీటీలంటే మాటలా! ట్రాఫిక్కు సంగతి చదివి మా ఆఫీసులో అందరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. మా కంట్రోలరుగారు అన్నయ్యని మా బస్టాండుకి మాత్రం తీసుకురావద్దన్నారు.

కానీ వదినా, నీ ఉత్తరం రెండోసారి చదివాను. అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. మీరిద్దరూ దెబ్బలాడుకున్నారు! అవునా? భార్య నోట "ఆయన గెలవడం నాకిష్టం లేదు" అన్న మాట ఊరికే వస్తుందా? ఏమన్నాడు? పెళ్లిరోజు మర్చిపోయాడా? నువ్వు చెప్పవు, నీది గుంభన మనసు. మా అన్నయ్య అందరికీ మంచివాడే, ఇంట్లో మనిషి కనబడదు. మా ఆయనా అంతే. అసలు మగవాళ్లే అంత.

నువ్వేం దిగులుపడకు. నిన్ననే అన్నయ్యకి నాలుగు చివాట్లు పెడుతూ ఉత్తరం రాశాను. "వదినని సరదాగా బయటికి తీసుకెళ్లు, ఒక్క సాయంత్రమైనా పక్కన కూర్చో" అని. చూడు, వారంలో అంతా సర్దుకుంటుంది.

ఇంకో మంచి వార్త. నా గొంతుతో ప్రచారం రికార్డు చేసి పంపుతున్నాను. ఆటోలో పెట్టి వార్డంతా తిప్పండి. పదకొండేళ్ల అనుభవం, ఒక్క తప్పు లేకుండా ఒకేసారి చెప్పేశాను. మళ్లీ వినాల్సిన పనే లేదని వినలేదు కూడా.

అలక మానుకో.

నీ పక్షాన నిలబడే
మరదలు

*

ఆగస్టు 22, శుక్రవారం

మరదలా,

నీకు దండం పెడతాను, నా పక్షాన నిలబడకు.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి హడలిపోయారు. "నీకు కోపమొచ్చిందా?" అని మూడు రోజులు నా వెనకే తిరిగారు. లేదంటే నమ్మరు. శనివారం సాయంత్రం ఐస్‌క్రీం తినడానికి బయల్దేరదీశారు. ఇంటి నుంచి ఆ షాపు రెండు వీధులు. దారిలో పంతొమ్మిది మంది ఆపారు. నేను లెక్కపెట్టాను, అంతకంటే చెయ్యడానికి నాకు వేరే పని లేదు. మేం వెళ్లేసరికి షాపువాడు తలుపులు దించుతున్నాడు. "రేపు రండి సార్" అన్నాడు. ఈయనేమన్నారో చెప్పుకో చూద్దాం.

ఇక నీ రికార్డు. "ఐదో వార్డు ఓటర్లకు విజ్ఞప్తి" అని గంభీరంగా మొదలుపెట్టావు, బాగుంది. సేవాతత్పరుడన్నావు, మృదుస్వభావి అన్నావు, బాగుంది. చివర "ఓటర్లు తమ సామాన్లను, చిన్నపిల్లలను జాగ్రత్తగా చూసుకోవలెను" అన్నావు. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆటో వస్తోందంటే వీధిలో ఆడవాళ్లు నవ్వుకుంటూ పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. టీచరమ్మ కూడా మా గుమ్మం ముందు నిలబడి పూర్తిగా విని నవ్వి వెళ్లింది. జనానికి అది తెగ నచ్చింది. రోజుకి రెండుసార్లు తిప్పమని అడుగుతున్నారు. ఈ లెక్కన మీ అన్నయ్య గెలిచేలాగే ఉన్నారు.

ఇప్పుడు కాసేపు నీ మైకు కట్టేసి విను. దెబ్బలాట లేదు. మా ఇద్దరికీ దెబ్బలాడుకునేంత తీరిక దొరికి ఎన్నాళ్లయిందో కూడా గుర్తులేదు. పెళ్లయిన కొత్తలో ఎనిమిదేళ్లు ఆ బల్లకి ఇటు నేను, అటు ఆయన. నేను కుట్టి ఇస్తే ఆయన వీపు గుండ్రం చేసేవారు. చదవడానికి ఆపేవారు, నేను తిట్టేదాన్ని. బాగున్న పేజీ పైకి చదివేవారు, నేను తిట్టడం మానేసి వినేదాన్ని. పగలంతా మాట్లాడుకున్నా సాయంత్రం తాళం వేసేటప్పుడు ఇంకా ఏదో మిగిలే ఉండేది. నాకు ఆ మనిషి కావాలి. ఊరికి మంచి మెంబరు దొరుకుతాడు, టీచరమ్మ ఉండనే ఉంది. నాకు ఇంకొకరు దొరకరు కదా. ఇంతకంటే విడమరచి చెప్పడం నాకు రాదు.

వదిన

*

ఆగస్టు 30, శనివారం

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు బస్సులు చెప్పడం మర్చిపోయాను. ప్రయాణికులు వచ్చి కిటికీ కొట్టారు.

సిగ్గుగా ఉంది. మొదటి ఉత్తరంలోనే చెప్పావు, రెండోదాంట్లో మళ్లీ చెప్పావు, నేనేమో విన్నట్టే ఉండి నా ఊహలు చదువుకున్నాను. మా అన్నయ్య మెంబరంటే నాకు గొప్ప. ఇక్కడ అందరికీ చెప్పుకుంటాను. ఆ గొప్ప కోసం నువ్వు మోకాలితో ప్రెస్సు తొక్కుతున్నావని నాకు తట్టనే లేదు. నేను మీ షాపుకి వచ్చిన ఆ వేసవి గుర్తుందా? మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నన్నెవరూ పట్టించుకోవడం లేదని అలిగి మేడెక్కి కూర్చున్నాను. దాదాపు గంట ఎవరూ చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, కొంచెం ఏడుపూ వస్తోంది.

సరే. ఇప్పటి నుంచి నాదీ నీ పార్టీయే. మా అన్నయ్య ఓడిపోవాలి! నా నలుగురు స్నేహితురాళ్లకీ మళ్లీ ఉత్తరాలు రాశాను. "ముందు రాసింది మర్చిపోండి, ఓటు టీచరమ్మకి వెయ్యండి, కారణం అడక్కండి" అని.

ఆయనకి నువ్వు నేరుగా ఎందుకు చెప్పవు? "నిలబడొద్దండీ" అంటే సరిపోయేది కదా? అది మాత్రం నాకు అర్థం కాలేదు.

వినడం నేర్చుకుంటున్న
మరదలు

*

సెప్టెంబరు 23, మంగళవారం

మరదలా,

కూర్చున్నావా? కూర్చుని చదువు.

మీ అన్నయ్య ఓడిపోయారు. టీచరమ్మకి నాలుగొందల పన్నెండు, ఈయనకి నాలుగొందల పదకొండు. ఒక్క ఓటు. మూడుసార్లు లెక్కపెట్టారు. మూడోసారి టీచరమ్మే దగ్గర నిలబడి లెక్కపెట్టించింది, ఆవిడ లెక్క తప్పుతుందా?

నీ నలుగురు స్నేహితురాళ్లూ నీ రెండు ఉత్తరాలూ ఎదురెదురుగా పెట్టుకుని చర్చించుకున్నారట. దేన్ని నమ్మాలో తెలియక, నీకు చెడ్డకాకుండా ఇద్దరు ఇటు, ఇద్దరు అటు వేశారు. కాబట్టి అందులో నీ పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

ఇక నా సంగతి విను. ఎవరికీ చెప్పొద్దు. టీచరమ్మకే వెయ్యాలని రెండు నెలల నుంచి అనుకుంటున్నానా? ముద్ర పట్టుకుని తెర వెనక్కి వెళ్లాను. కాగితం మీద ఆయన పేరు కనబడింది. ఎదురుగా వస్తున్న మన మనిషిని చూసి చూడనట్టు పక్కకి తప్పుకుంటున్నట్టు అనిపించింది. చెయ్యి ఆడలేదు. బయట వరసలో వాళ్లు "ఏమ్మా, కావ్యం రాస్తున్నావా?" అని అరుస్తున్నారు. ఆయనకే గుద్ది బయటపడ్డాను. వీధి మలుపు తిరిగాక నన్ను నేనే తిట్టుకున్నాను.

లెక్కింపు అయ్యాక వార్డంతా ఆ ఒక్క ఓటు ఎవరిదని ఒకటే ఆరాలు. పిల్లి ఆయన తనది కాదని ఒట్టేశాడు. ఇంటికొస్తే నాకు భయం. నేను వెయ్యకపోయినా, కోరుకున్నదాన్ని నేనే కదా! అన్నం పెడుతుంటే మీ అన్నయ్య తలొంచుకుని నెమ్మదిగా అన్నారు, "ఆ ఓటు నాదే" అని.

నాకు అర్థం కాలేదు. "మీదేమిటి?" అన్నాను.

"నేను టీచరమ్మగారికి వేశాను. మన ఓటు మనమే వేసుకుంటామా? బాగోదు కదా. పదిమంది భోజనానికి కూర్చుంటే గిన్నె లాక్కుని ముందు మన కంచంలో వడ్డించుకున్నట్టుంటుంది" అన్నారు.

"ప్రతిసారీ అంతేనా?"

"ప్రతిసారీ అంతే. మూడుసార్లు బయటపడలేదు, ఈసారి పడింది."

అప్పుడు నవ్వొచ్చింది చూడు, పొలమారింది. ఆయన నా నెత్తి మీద తట్టి నీళ్లిచ్చారు. ఆ నవ్వులోనే ఎక్కడి నుంచో ఏడుపు తన్నుకొచ్చింది. ఇంక దాచలేక అంతా చెప్పేశాను. మీరు ఓడిపోవాలని కోరుకున్నాను, చీటీ నేనే వేశాను, మీ చెల్లెలికి కూడా రాశాను అని.

నువ్వడిగిన మాటే ఆయనా అడిగారు. "నాతో చెప్పొచ్చు కదా?" అని.

"చెబితే అలాగే అంటారు. వీధిలో పోయే ప్రతివాడికీ అనే అలాగే నాకు కూడా అంటారు. అది నాకొద్దు" అన్నాను.

కంచం తీసుకెళ్లి ఆయనే కడిగి పెట్టారు. తప్పుగా మాట్లాడానా? మనసు గుంజుతోంది. ఓడిపోయి వచ్చిన మనిషితో ఆ రోజే అనవలసిన మాటేనా అది?

వదిన

*

సెప్టెంబరు 27, శనివారం

వదినా,

తన ఓటు తనకి వేసుకోకుండా ఓడిపోయాడా! ఉత్తరం అందినప్పటి నుంచి మా ఆయన ఇదే కథ ఊరందరికీ చెబుతున్నాడు. నేనూ ఒక రోజంతా నవ్వాను, మర్నాడు అన్నయ్య మీద ముద్దొచ్చింది.

నువ్వు తప్పుగా ఏం అనలేదు. ఎప్పటికైనా ఎవరో ఒకరు అనవలసిన మాటే.

కానీ వదినా, ఒక కబురు తెలిసింది. నా స్నేహితురాలు రాసింది. టీచరమ్మ వార్డు సలహా కమిటీ ఒకటి వేస్తోందట. దానికి అధ్యక్షుడిగా అన్నయ్యని పెట్టాలని ఆవిడ ఆలోచన. "పదిహేనేళ్ల అనుభవం ఊరికే పోకూడదు" అందట. రోజూ ఉదయం, సాయంత్రం ఆఫీసులో కూర్చోవాలట. ఆవిడ స్వయంగా వచ్చి అడుగుతుందట.

అడిగితే మా అన్నయ్య ఏమంటాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఓడిపోయి కూడా నీకు దక్కకుండా పోతాడేమో అని నాకు నిద్ర పట్టడం లేదు. నేనేం చెయ్యను? ఉత్తరం రాయనా, వద్దా? నువ్వు చెప్పేదాకా ఎవరికీ ఏమీ రాయను. చూశావా, ఎంత మారిపోయానో!

ఆదుర్దాతో,
మరదలు

*

అక్టోబరు 8, బుధవారం

మరదలా,

నువ్వేం రాయక్కర్లేదు. టీచరమ్మ సోమవారం వచ్చింది.

ముందు నీకు ఈ రెండు వారాల సంగతి చెప్పాలి. ఓడిపోయిన మర్నాటి నుంచీ మీ అన్నయ్య షాపుకి వస్తున్నారు. జిగురు డబ్బాలు తీసి కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. మొదటి రోజు వీపు గుండ్రం చెయ్యబోయి అణగ్గొట్టేశారు. రెండో రోజు సుత్తి వేలి మీద వేసుకున్నారు. పదిహేనేళ్లు చెయ్యని పని కదా, చెయ్యి మర్చిపోయింది. నేను నవ్వితే ఉక్రోషపడ్డారు. నాలుగో రోజుకి దారిలో పడ్డారు. వార్డువాళ్లు అలవాటు కొద్దీ షాపుకే వస్తున్నారు. వాళ్లకి టీచరమ్మ ఇల్లు ఎక్కడో చెప్పి పంపుతున్నారు, తోడుగా మాత్రం వెళ్లడం లేదు. ఆ రాత్రి నేనన్న మాట గురించి మాత్రం ఒక్క ముక్క ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సోమవారం పదకొండింటికి టీచరమ్మ వచ్చింది. ఆవిడ కోసం లేచి నిలబడ్డారు. ఆవిడ కూర్చోలేదు. కమిటీ సంగతి చెప్పింది, మీరు లేనిదే కాదంది, ఊరి మంచి కోసం అంది. ఆవిడ చెప్పింది అంతా నిజమే, అందులో తప్పుపట్టేదేమీ లేదు. నేను తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఎంతకీ ఎక్కదు. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడంటారు, ఇదిగో అంటున్నారు అని లోపల లెక్కపెట్టుకుంటున్నాను.

మీ అన్నయ్య గొంతు సవరించుకున్నారు. మళ్లీ సవరించుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "లేదండీ. నేను రాలేనండీ. నాకు ఇక్కడ పనుంది" అన్నారు.

టీచరమ్మ, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు లేచి జవాబు చెబితే చూసినట్టు చూసింది. తర్వాత నా వైపు చూసింది, చిన్నగా నవ్వింది, "సరే, పని చేసుకోండి" అని వెళ్లిపోయింది.

ఆవిడ గడప దాటిందో లేదో ఈయన గడగడా రెండు గ్లాసుల నీళ్లు తాగారు. అటూ ఇటూ తిరిగారు. "అయ్యో, పెద్దావిడని మొహం మీదే అనేశాను" అని చెప్పులేసుకుని ఆవిడ వెనకాల పరుగెత్తారు. కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో ఆవిడ ముందు చేతులు జోడించి నిలబడి ఏదో చెబుతున్నారు. ఆవిడ తలూపుతోంది. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. చెయ్యబోయే పుస్తకం పక్కన పెట్టేశాను.

కాసేపటికి వచ్చారు. చెప్పులు విప్పారు. స్టూలు మీద కూర్చున్నారు.

"ఏం చెప్పారు?" అన్నాను.

"అలా అన్నందుకు క్షమించమన్నాను."

"ఆ తర్వాత?"

"అయినా రాలేనని చెప్పాను" అని, నేను పక్కన పెట్టిన పుస్తకం అందుకుని ప్రెస్సులో పెట్టి బిగించారు. "పట్టుకో, కొడతాను" అన్నారు.

పట్టుకున్నాను.

మీ వదిన